ఆకంత గుడ్డ

మిల్లు నుంచి పెందలాడే వచ్చిన గణపతిరావుకి పెరట్లో తల్లి జగ్గమ్మ చేతిలో సూది కనిపించింది.

ఎదురుగా క్వేటె కూర్చుని ఉన్నాడు. కాంగో దేశం నుంచి చదువుకోడానికి వచ్చి, వాళ్ల వెనకగదిలో అద్దెకుంటున్న పాతికేళ్లవాడు.

క్వేటెది కూబా జాతి. అక్కడ రాఫియా అనే ఒక రకం తాటిచెట్టు లేతాకు చీల్చి, ఆ నారతో గుడ్డ నేస్తారు. ఆకు ఎంత పొడవో గుడ్డా అంతే. నేసేది మగవాళ్లు. దాని మీద ముగ్గుల్లా కుట్టేది ఆడవాళ్లు. కుట్టిన పోగుల కొనలు చాకుతో కోస్తే ముఖమల్‌లా మెత్తగా నిలుస్తాయి.

ఇక్కడ ఆమదాలవలసలో ఆ చెట్టు లేదు. క్వేటె మన తాటిమొవ్వే తెచ్చి, నార తీసి, వెదురు బద్దలతో చిన్న మగ్గం కట్టుకున్నాడు. కుట్టు జగ్గమ్మకి నేర్పాడు.

డెబ్బై దాటిన మనిషి. వేళ్లు వణుకుతున్నాయి. సూది గుచ్చుకుని బొటనవేలి మీద నెత్తురు చుక్క.

"మాయమ్మ సేత కూలిపని సేయిస్తన్నావేటి?"

"నానే అడిగి సేస్తన్నాన్రా," అంది జగ్గమ్మ.

గణపతిరావు వినలేదు. వారంలో గది ఖాళీ చేయమన్నాడు. ఒక్క నెల ఉండనివ్వమని క్వేటె బతిమాలాడు. కుదరదన్నాడు.

క్వేటె వెళ్లాక జగ్గమ్మ తిండి మానేసింది. కోడలు అనూరాధ ఎన్నిసార్లు అడిగినా ఆకలి లేదనేది. ఇరవై రోజులకి పోయింది.

పాడె కడుతుండగా క్వేటె వచ్చాడు. చేతిలో ఆ గుడ్డ. కుట్టు సగంలోనే ఆగిపోయి ఉంది.

"అమ్మకి కప్పాలి అన్నా. మా దేశంలో ఇలాగే పంపుతాం. లేకపోతే ముందు పోయినవాళ్లు గుర్తుపట్టరు. అమ్మే అడిగింది."

"మాయమ్మని మా పెద్దలు గుర్తుపడతారు. నువ్వెళ్లు."

క్వేటె గుడ్డ మడిచి గుండెలకి ఆనించుకున్నాడు. శ్మశానం దాకా అందరికంటే వెనక నడిచాడు. మళ్లీ ఎవరికీ కనిపించలేదు.

పన్నెండో రోజు దాటాక అనూరాధ అత్తగారి ట్రంకుపెట్టె సర్దుతుంటే, చీరల అడుగున ఆసుపత్రి కాగితాలు దొరికాయి. కేన్సరు ముదిరిపోయిందని రాసుంది. తేదీ చూస్తే ఐదు నెలల కిందటిది.

"మనకెందుకు సెప్పలేదే?" అన్నాడు గణపతిరావు.

అనూరాధ ఆఖరి కాగితం అతని చేతికిచ్చింది.

వెంట వచ్చినవారి పేరు దగ్గర 'క్వేటె' అనీ, రోగికి ఏమవుతారన్న చోట 'కొడుకు' అనీ రాసుంది. దాని కింద జగ్గమ్మ వేలిముద్ర ఉంది.