ఈ పడుగు దిగనీ

వరమ్మ పోయిన రోజు ఆమె మగ్గం మీద సగం చీర ఉంది.

ఆకుపచ్చ ఒడలు, ఎర్ర అంచు. పేక నూలు మోసే నాడె పోగుల మధ్యనే ఆగిపోయింది.

దినాలు అయిపోయాక ఆమె భర్త నారాయణ కూతురిని పిలిచాడు. నడుము పట్టేసినప్పటి నుంచి ఆయనకు నాడెలోకి నూలు కండెలు చుట్టడమే పని. ఆ ఇంట్లో నేసేది వరమ్మే.

"మీయమ్మ పడుగు నువ్వే నేసి దింపాల తనూజా. బయటోళ్ల చెయ్యి పడగూడదు."

తనూజ గుంత మగ్గంలోకి కాళ్లు దించి కూర్చుంది. తొక్కుడు చెక్క తొక్కినప్పుడల్లా కుడి గజ్జలో కత్తి దిగినట్లుండేది.

వరమ్మ కూడా ఒక పక్కకు ఒరుగుతూ నడిచేది. అది ఆ ఇంటి నడక అనే వీధంతా అనుకున్నారు.

"తల్లీబిడ్డా బాతుల జత," అని పక్కింటి లక్ష్మక్క నవ్వేది.

కర్నూలు డాక్టరు మాత్రం నవ్వలేదు. ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూపించాడు. తుంటి గిన్నెకు లోతు చాలలేదు. తొడ ఎముక తల సగం బయటే ఉంది. రెండు వైపులా అంతే.

"గిన్నె చుట్టూ ఎముక కోసి, సరిగ్గా కప్పేటట్టు తిప్పి, స్క్రూలు బిగిస్తాం. ముందు కుడిది, కోలుకున్నాక ఎడమది. లోపలి మెత్తటి పొర అరిగిపోకముందే రావాలమ్మా. అరిగిపోతే కీలు మార్చడమే. నీ వయసుకు అది వద్దు."

ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చాడు.

"పోదాంలేమ్మా," అన్నాడు నారాయణ. "ఈ పడుగు దిగనీ."

ఒక సాయంత్రం పడుగు దిగింది. తెల్లవారి చూస్తే లక్ష్మక్క మగ్గం ముందు కూర్చుని, దువ్వెన లాంటి అచ్చు సందుల్లో మిగిలిన పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతోంది.

తేదీ దాటిపోయింది.

డాక్టరు ఇంకొక తేదీ ఇచ్చాడు. తనూజ ఆ పడుగూ నేసింది. అప్పటికి కుడివైపు తిరిగి పడుకోలేకపోతోంది.

ఆస్పత్రికి పోవలసిన ముందు రోజు, మగ్గం మీద మళ్లీ కొత్త పడుగు.

"ఏంది నాయినా ఇది?"

"పడుగు."

"పడుగని నాకూ కనపడతాంది. రేపు యాడికి పోవాలో తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసే అతికిచ్చినావా? నా కాలు కంటే చీరలు ఎక్కువైనాయా?"

నారాయణ కండె చుడుతూనే ఉన్నాడు.

"నా పక్క చూడొద్దు పాపా," అంది లక్ష్మక్క. "మీ నాయిన పిలిస్తే వచ్చినా. నీ పెండ్లికి పిలిచుంటే ఇంకా బిరీన వచ్చుందును."

"నువ్వు రవ్వంతసేపు ఊరకుండు లక్ష్మక్కా."

తనూజ మేకుకు వేలాడుతున్న కత్తెర అందుకుంది.

నారాయణ లేచాడు. భార్య పోయాక ఆయన గొంతు అంత పైకి లేవడం అదే మొదలు.

"అచ్చులో పోగులెక్కిచ్చింది మీయమ్మ. ఒక్కొక్క సందులో ఒక్కొక్క పోగు. కొసలకు అతుకుతా పోతేనే ఆ వరస నిలబడేది. ఉత్తది చేస్తే మళ్లా ఎవురెక్కిచ్చాలమ్మే?"



"ఉత్తది చేస్తానని ఎవురన్నారు?" తనూజ గొంతు తగ్గింది. "మూరెడు కొసలు వదిలే కోస్తా. అచ్చు చుట్టి దూలానికి కడదాం. నేనొచ్చేదాకా ఆడనే ఉంటాది."



ఆమె కోసింది. ఆయన గుప్పెడు గుప్పెడు పోగులు పట్టుకుని, జారిపోకుండా తానే ముడులు వేశాడు. వరమ్మ పాత చీర తెచ్చి అచ్చును అందులో చుట్టాడు.

మరునాడు మైదుకూరులో కర్నూలు బస్సు ఎక్కారు. "కాలు చాపుకో," అన్నాడు. 

ఆపరేషన్‌తో కుడి తుంటి కుదిరింది.

చంక కర్రలు వదిలేసిన తర్వాత ఒకరోజు పొద్దున తనూజ తలెత్తి దూలం వైపు చూసింది. మూట లేదు.

అచ్చు మగ్గం మీద ఉంది. లక్ష్మక్క చివరి పోగులు అతుకుతోంది.

"సగం బాతు వచ్చెనే," అంది నవ్వుతూ.

గుంతలో, వరమ్మ కూర్చునే చోట, నారాయణ నడుముకు తువ్వాలు బిగించుకుని కూర్చున్నాడు.

"నాయినా, ఎడమ కాలికి తేదీ ఇచ్చినారు."

"పోదాంలే తల్లీ. నేనే నేస్తాండా గదా. ఈ పడుగు దిగనీ."

తనూజ మేకు వైపు చూసింది. కత్తెర లేదు.

ఎడమ తుంటి ఆపరేషన్ ఇంకా మిగిలే ఉంది.