ఎడమ చేతి వంటిల్లు

మూడో డిజైనర్ సరిగ్గా పది గంటలకు తలుపు కొట్టాడు.

భూపతికి అదే పెద్ద వింత. మొదటి ఇద్దరూ పదకొండన్నారు, ఒంటిగంటకు వచ్చారు.

భూపతిది భివండి నార్పోలిలో మరమగ్గాల కార్ఖానా, పన్నెండు సాంచలు, అంటే మగ్గాలు. ఈమధ్యే వరాలా తలావ్ దగ్గర ఫ్లాట్ కొన్నాడు. పదిహేడేళ్లు ఒక్క గది ఖోలీలోనే సంసారం ఈదిన భార్య అనితకు ఒకటే కోరిక. మంచి వంటిల్లు కావాలి.

మొదటి డిజైనర్ ఫోన్లో రంగురంగుల సీలింగులు చూపించాడు. రెండో ఆయన టేపు కూడా తీయకుండానే ధర చెప్పేశాడు. ఇద్దరూ భూపతితోనే మాట్లాడారు. వంట చేసే మనిషి వైపు ఒక్కరూ తిరిగి చూడలేదు.

ఈ వంటిల్లూ నాది కాదేమో అనుకుంది అనిత. పైకి అనలేదు.

మూడో ఆయన్ను కూతురు సాక్షి వెతికింది. ఠాణే కంపెనీ మనిషిని పంపుతానంది, పేరు చెప్పలేదు; పదింటికి రావాలి.

తలుపు తీస్తే నలభై ఏళ్ల మనిషి. మాసిన చొక్కా, జేబులో టేపు. చెప్పులు బయటే విడిచాడు.

"సేట్, పని ఉన్నదన్నరు. వచ్చిన."

"అరె, మన తెలుగాయనే! మస్తు పనున్నది, లోపలికి రాండ్రి. పేరేంది?"

"ఆగయ్య."

"పప్పా, లాప్‌టాప్ నాహీ, ఒట్టి చేతులే!" అని గుసగుసలాడింది సాక్షి.

"నువ్వు సప్పుడు జెయ్యకు" అని భూపతి ఆయన్ను వంటింట్లోకి తీసుకుపోయాడు. "గిది ఎట్ల జేస్తే బాగుంటది?"

"నాకేమెరుక సేట్?"

ఆ మాట భూపతికి తెగ నచ్చింది. మొదటి ఇద్దరికీ అన్నీ తెలుసు మరి. నిండు కుండ తొణకదని ఊరికే అన్నారా!

"గట్ల గాదు, మీకు తోచింది చెప్పుండ్రి."

ఆగయ్య ఖాళీ గోడను కాసేపు చూశాడు.

"వంట ఎవరు జేస్తరు?"

అనిత ఉలిక్కిపడింది. "నేనే అన్నా."

"అక్కా, జర ఒకసారి చాయ పెట్టుండ్రి."

"పొయ్యేది? గిన్నేది?"

"ఉన్నయనుకొని పెట్టుండ్రి."

సాక్షి కిసుక్కున నవ్వింది. అనిత కూడా నవ్వుకుంటూనే లేని కుళాయి తిప్పింది, లేని పొయ్యి మీద లేని గిన్నె పెట్టింది, లేని చాయపత్త వేసింది. ఆగయ్య ఆమె చేతుల్నే చూస్తున్నాడు.

"మీది ఎడమ చెయ్యా?"

అనిత చెయ్యి చటుక్కున వెనక్కి దాచుకుంది.

"అవు. మా అమ్మ ఎన్నిసార్లు చెప్పినా మారలే" అన్నాడు భూపతి.

"మారుడెందుకు సేట్? కార్ఖానల ఎడమ చేతి సాంచ ఉంటది, కుడి చేతి సాంచ ఉంటది. ఎడమ సాంచకు కుడి దిక్కు హ్యాండిల్ పెడ్తరా?"

భూపతి లెక్క వేసుకున్నాడు. పన్నెండు సాంచల్లో ఆరు ఎడమవే. వాటిని ఏనాడూ తిట్టలేదు. సిగ్గేసింది.

"మోచెయ్యి జూపియ్యుండ్రి అక్కా."

ఎడమ మోచెయ్యి నల్లగా కాయ కాసి ఉంది. ఖోలీలో పొయ్యికి ఎడమ పక్కనే గోడ. పదిహేడేళ్లు కూర కలిపితే పదిహేడేళ్లూ ఆ గోడ తగిలింది.

ఆగయ్య జేబులోంచి సుద్దముక్క తీశాడు. టేపు పరిచి కొలిచాడు. నేల మీద గీతలు గీశాడు.

"పొయ్యి ఈ మూలకు వద్దు, ఇటు జరపాలె. ఎడమ దిక్కు రెండు ఫీట్ల జాగ ఇడువుండ్రి. ఉప్పు, పసుపు, గంటెలు అన్ని గీ దిక్కే."

అనిత గీతల మధ్య నిలబడి చెయ్యి గిరగిరా తిప్పింది.

"అన్నా, గోడ తగుల్తలేదు!"

నవ్వుతుంటే కళ్లల్లో నీళ్లు వచ్చాయి. ఎవరైనా తన చెయ్యిని తప్పు పట్టకుండా చూడటం ఇదే మొదలు.

"ఇంకొకటి సేట్. ఎవరు కట్టినా సరే, ఏ చెక్క, ఎన్ని దినాలు, పాడైతే ఎవరు జూస్తరు, అంత ముందుగాల్నే రాయించుకోండ్రి." ఆగయ్య చేతులు దులుపుకున్నాడు. "మరి నా పని సంగతి?"

భూపతికి ఆయన్ను కావలించుకోవాలనిపించింది. కానీ వ్యాపారి గదా! సరుకు నచ్చిందని బయటపడితే ధర పెరుగుతుంది.

"చూస్తం. ఫోన్ జేస్తం."

ఆగయ్య మొహం వాడిపోయింది. నెంబరు చెప్పి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

"గంత మంచి మనిషికి గట్ల చెప్తరా?" అంది అనిత.

"బేరం నీకు తెల్వదు. సాయంత్రం నేనే పిలుస్త గద!"

రెండు గంటలకు మళ్లీ తలుపు చప్పుడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో లాప్‌టాప్.

"సారీ సర్, మాన్కోలి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. నేను వైభవ్, ఠాణే నుంచి. ఇంటీరియర్ డిజైనర్" అన్నాడు హిందీలో.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

వైభవ్ వంటింట్లోకి వెళ్లి, నేల మీది గీతలు చూసి ఆగిపోయాడు. అనితను రెండు ప్రశ్నలడిగి, గీతల చుట్టూ ఒకసారి నడిచాడు.

"మేడమ్, నాకైతే ఈ ప్లాన్ దాకా రావడానికి నాలుగు డ్రాయింగులు పట్టేవి. ఇదే కాగితం మీద పెడతాను. ఎవరు గీశారిది?"

అనిత మొహం వెలిగిపోయింది. ఎడమ సాంచ మాట గుర్తొచ్చి భూపతి గబగబా కార్ఖానా చూసుకునే బావమరిది స్వామికి ఫోన్ కలిపాడు.

"స్వామీ, పొద్దుగాల ఇంటికి ఎవరినన్న పంపినవా?"

"నిన్ను కలువమని ఆగయ్యను పంపిన గద బావా! నువ్వు చూస్తమన్నవంట, పక్క కార్ఖానోళ్లు అప్పుడే తోలుకపోయిండ్రు. భివండి మొత్తంల అసొంటి జాబర్, సాంచల మిస్త్రి, లేడు, మన సాంచలు బాగుజేస్తందుకు నెలరోజులు బతిమాలి ఒప్పించిన!"