పైడయ్య కబేళా

నిమ్‌పురాలో పెళ్లి విందు తిన్నవాళ్లు జబ్బుపడితే, ఊరంతా పైడయ్య అమ్మిన పందిమాంసానిదే తప్పంది. క్రిములమీద పరిశోధన చేసే నాగవల్లి మాత్రం అతని కబేళాకు వచ్చి, “నిజం తేలుస్తాను బాబాయ్,” అంటూ నమూనాలు పట్టుకెళ్లింది.

ఏడాది తర్వాత ఓ పరిశోధన పత్రిక పట్టుకుని అతని ఇంటికి వచ్చింది.

“రోగుల్లో దొరికిన క్రిమీ, మీ పందుల్లోని క్రిమీ ఒకటి కాదు. జన్యువులు కలవలేదు. మీ తప్పేం లేదు బాబాయ్!”

పైడయ్య కళ్లు తుడుచుకున్నాడు. “ఎప్పుడు తెలిసినాది తల్లీ?”

“మూడు నెలల్లోనే. పత్రికలో అచ్చయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు మా సారు.”

“ఆర్నెల్ల కింద, నా కబేళా కూలగొట్టడానికొచ్చిన రోజు, నీకు కబురెట్టినాను గదమ్మా. ఇంకా ఏటీ తేలలేదని నువ్వే సెప్పి పంపినావు.”