వరస చెప్పే స్క్రిప్టు

ఊళ్లో అందరి వంశవృక్షాల ఫైళ్లూ ఒకదానికొకటి అతుక్కుపోయాక, వచ్చినవాళ్ల వరసేమిటో ఇంటి తలుపులే చెప్పేస్తున్నాయి. ఆ ఫైళ్లు చదివే స్క్రిప్టులు రాసేది బొబ్బిలి దగ్గరుండే భాగ్యశ్రీ. ఆమె మనసిచ్చిన తవిటినాయుడు పెళ్లిచూపులకు గుమ్మం తొక్కగానే తలుపు, “భాగ్యశ్రీ, మీ చిన్నాన్న వచ్చారు” అంది.

చిన్నాన్న వరసైతే ఇక పెళ్లి లేనట్టే. భాగ్యశ్రీ గబగబా స్క్రిప్టు తెరిచింది.

మామ్మ సన్యాసమ్మ మాత్రం వక్క నములుతూ అడిగింది. “ఒలే, నీ స్క్రిప్టు ఎన్ని దార్లు ఎతికిందే?”

“చుట్టరికం కలిపే దగ్గరి దారొకటే మామ్మా. అది దొరకగానే ఆగిపోద్ది.”

“అదీ సంగతి. రెండు వరసలున్నకాడ మనకి కావలసింది పట్టుకుంటాం గానీ, ఎదురొచ్చింది పట్టుకుంటామేటి? మా అమ్మోళ్ల వైపు నుంచి ఎతకమను.”

భాగ్యశ్రీ అక్కడే కూర్చుని, ఆగమని చెప్పే ఒక్క లైనూ తీసేసింది. స్క్రిప్టు తొమ్మిది దారులు తెచ్చింది. ఆరో దారిలో తవిటినాయుడు నిక్షేపంలాంటి బావ. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

“ఏడోదాన్లో ఏటుందే?” అంది సన్యాసమ్మ.

భాగ్యశ్రీ నవ్వాపుకుంటూ చదివింది. “అందులో నువ్వు ఆయనకి మరదలివి మామ్మా.”

సన్యాసమ్మ కొంగు సర్దుకుని లేచింది. “అయితే ఆ కాఫీ గ్లాసు ఇలాగియ్యి. నేనే ఇచ్చొస్తాను.”