మర్చిపోయిన పాస్‌బుక్

కల్లు మత్తులో ఒకరి తల పగలగొట్టి జైలుకెళ్లిన పోశెట్టికి ఇరవయ్యో రోజున బెయిల్ వచ్చింది. జమానతు ఉండాల్సిన భార్య గంగామణికి బోధన్ కోర్టు వరండాలో కాలు నిలవడం లేదు.

"పొలం పాస్‌బుక్ ఏదమ్మా? ఇయ్యాల పెట్టకపోతే మల్ల సోమవారమే," వకీలు విసుక్కున్నాడు.

ఆమె సంచిలో చెయ్యి పెట్టి మళ్లీ దేవులాడింది.

పోలీసులు వాయిదాకు తెచ్చిన పోశెట్టికి చాయ్ గ్లాసు అందించింది. ఎన్నో ఏళ్ల తర్వాత అతని చెయ్యి వణకలేదు. చుక్క కూడా ఒలకలేదు.

"జల్దీ కానియ్యే," అన్నాడతను. "పోంగ కల్లు దుకాణంకాడ జర ఆగుదం."

గంగామణి వకీలు వైపు తిరిగింది.

"ఇంట్ల మర్చిపోయిన సారూ."

కొంగు కింద, బొడ్లో దోపుకున్న పాస్‌బుక్ చెమటకు తడుస్తోంది.