భుజాల లోపలి పేరు

ఇంకాస్త దగ్గరకు జరగండి పిల్లలూ, ఈ మేకుకు వేలాడే కవచం చప్పుడు మీకు వినబడాలి.

సముద్రపు కమాండోలు వాడి వదిలేసిన కవచాలనే మా జాలరిపేటలో అందరూ తొడుక్కునేవారు. అవి తొడుక్కున్నవాడి ఊపిరినీ అలవాట్లనూ నేర్చుకుంటాయి, వాడు పోయినా మరిచిపోవు. అందుకే కొన్న కవచాన్ని మంచినీళ్లతో కడిగి, పాత మనిషిని పేరుపెట్టి పిలిచి సాగనంపేవాళ్లం.

మీ తాతకు కొన్నదాన్ని మా అత్త కడిగింది. ఛాతీ పలక మీది పేరు చదివించుకుని, "నాయనా బల్బీరూ, నీ కాపలా అయిపోనాది, ఎల్లిరా" అంది.

"భుజాల పలకలకి పేరు నేదేటత్తా?" అన్నాను.

"కవసం ఒకటైతే మనిసీ ఒకడే. నీ మొగుడికి రెండు తలకాయలున్నాయేటే?" అని నవ్వింది.

పడవ తిరగబడిన రోజు, తోటివాళ్లు చెప్పారు, ఛాతీ పలక గాలి నింపుకుని మీ తాతను పైకి తేల్చిందట. భుజాలు బరువెక్కి కిందికి లాగాయట.

మీ తాత దొరకలేదు, కవచం ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. భుజాలు విప్పి చూస్తే లోపల ఇంకో పేరుంది, సముద్రం అడుగున ఈదే డైవరుది; రెండు కవచాల ముక్కలు కలిపి అమ్మారన్నమాట. అతన్ని ఆరోజే పిలిచి పంపేశాం.

ఛాతీ పలక మాత్రం, వినండి, మీ తాత గురకలాగే ఆగి ఆగి ఎగసిపడుతోంది. మా ఇంట్లో ఆడది మొగుడి పేరు పలకదు. పలకాలని నాకూ లేదు. నేను పోయాక మీరు పిలవండి. ముక్కముక్కకూ పేరడిగి పిలవాలని మీ పిల్లలకూ చెప్పండి, మరిచిపోకండి.