తోక తిప్పిన రొయ్య

మొదట దొరబాబు చేతిలో ఉన్నవి ఇవి: భీమవరం దాటాక ఒక రొయ్యల ఫ్యాక్టరీ, విదేశానికి మూడు కంటైనర్ల ఆర్డరు, బెల్టు పక్కన నిలబడే పదమూడు జతల కళ్లు.

ఆ కళ్లే ఆయనకి దండగ అనిపించాయి.

బెల్టు మొదట్లో ఒకామె తల తీసిన రొయ్యల్ని వరసగా పరిచేది. చివర్లో పన్నెండు మంది నల్లమచ్చ పడి చెడినవాటిని ఏరి పారేసేవారు. అందరికీ మాస్కులు, టోపీలు. ఎవరు ఎవరో దొరబాబుకి తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు.

కొత్తగా చేరిన ఇంజనీరు దుర్గాశ్రీ బెల్టు మధ్యలో కెమెరా బిగించి, రెండు నెలలు ఫొటోలు తీసింది. ఆ పన్నెండు మంది ఏరినవి చెడ్డవని, వదిలినవి మంచివని మెషిన్‌కి నేర్పింది.

"వందకి తొంభై ఎనిమిది కరెక్టుగా చెబుతోంది సార్."

మర్నాడే దొరబాబు పన్నెండు మందినీ మాన్పించాడు. చెడ్డ రొయ్యని గాలితో టబ్బులోకి ఊదేసే గొట్టం వచ్చింది. మొదటి కంటైనర్ వెళ్లింది.

ఆర్డరిచ్చిన బయ్యర్ మెచ్చుకుంటూనే ఒక మాట రాశాడు. ఏ కంటైనర్‌లో మచ్చలు కనబడినా మిగతా ఆర్డరు రద్దు.

రెండో కంటైనర్ సరుకు మొదలైన రోజు దొరబాబు కెమెరా స్క్రీన్ ముందు నిలబడ్డాడు. వరసలో నాలుగు రొయ్యల తోకలు ఇటుంటే, ఒకదాని తోక అటుంది.

ఆయనకి ఒళ్లు మండింది.

"ఏవమ్మా! వరసగా పరచడం కూడా చేతకాదా?"

బెల్టు మొదట్లో ఉన్నామె తలెత్తింది. మాస్కు పైన రెండు కళ్లు తప్ప ఏమీ కనబడలేదు.

"అలవాటండి. ఇరవై ఏళ్ల నుంచీ ఇంతేనండి."

"ఇరవై ఏళ్ల నుంచీ తప్పు చేస్తున్నానని గొప్పగా చెబుతున్నావా?"

"తప్పు కాదండి. అవతలోళ్లకి..."

"అవతల ఎవరున్నారు, నీ చుట్టాలా? మెషినుందక్కడ! నీ వంకర చేతులు చూసి దానికి మెల్లకన్ను వచ్చేలా ఉంది."

"ఒక్క మాట వినండి..."

"వినేదేంటి? గేటు అటు!"

ఆమె గ్లౌజులు విప్పింది. ఐసులో నానిన వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"మంచిదండి. రేపు మళ్లీ పిలవకండి."

గ్లౌజులు బెల్టు మీదే పడేసి వెళ్లిపోయింది.

మెషిన్ ఆ గ్లౌజుల్ని మంచి రొయ్యల కింద లెక్కేసి ముందుకు పంపింది. సూపర్‌వైజర్ శ్యాంబాబు పరుగెత్తి వాటిని తీశాడు.

ఆమె చోట ఇంకొకామెని పెట్టారు. తోకలన్నీ ఒకే వైపు ఉండాలన్నాడు దొరబాబు. ఉన్నాయి.

ఆ పూట నుంచే చెడ్డ రొయ్యల టబ్బు ఖాళీ.

"చూశావా శ్యాంబాబూ! ఆ వంకర చేతులు పోగానే సరుకెలా బాగుపడిందో!"

"మరీ ఒక్కటి కూడా లేదండి," అన్నాడు శ్యాంబాబు టబ్బులోకి వంగి చూస్తూ.

"లేకపోతే ఏడుస్తావేంటయ్యా?"

రెండో కంటైనర్ విదేశం చేరిన మర్నాడు బయ్యర్ నుంచి ఫొటోలు వచ్చాయి. ఏ పెట్టె విప్పినా నల్లమచ్చలే. ఆ కంటైనర్ వెనక్కి తీసుకెళ్లమన్నాడు. మూడోది పంపొద్దన్నాడు.

దొరబాబు ఫోను బల్లకేసి కొట్టాడు.

"నీ మెషిన్‌కి కళ్లు పోయాయా?" అని దుర్గాశ్రీ మీద విరుచుకుపడ్డాడు.

ఆ అమ్మాయి మధ్యాహ్నం దాకా పాత ఫొటోలన్నీ ముందేసుకుని కూర్చుంది. తర్వాత ఆయన్ని బెల్టు దగ్గరికి రమ్మంది.

మచ్చలేని రొయ్య ఒకటి తీసుకుని, తోక వెనక్కి తిప్పి పెట్టింది. గాలి కొట్టింది. రొయ్య టబ్బులో పడింది.

నల్లగా మాడినట్టున్న రొయ్యని తోక సరిగా ఉండేలా పెట్టింది. అది దర్జాగా ముందుకెళ్లింది.

"మెషిన్ మచ్చని చూడట్లేదు సార్. చెడ్డదని మనం చూపించిన ప్రతి ఫొటోలోనూ తోక వెనక్కి తిరిగి ఉంది. అదే నేర్చుకుంది. నేను గమనించలేదు, తప్పు నాదే."

"ఎవరు తిప్పారు?"

"పాపాయండి," అన్నాడు శ్యాంబాబు. "కన్ను పడగానే చెడ్డదని కనిపెట్టేదండి. బెల్టు ఆగదు కదా, తోక తిప్పి వదిలేది."

"పాపాయెవరు?"

"మీరు గెంటేశారు కదండీ, ఆవిడే."

శ్యాంబాబు నంబరు కలిపి ఇచ్చాడు.

"పాపాయి గారూ, నేను దొరబాబునండి. రేపట్నుంచి పనిలోకి రండి."

"మొగల్తూరు రోడ్డులో వేరే ఫ్యాక్టరీలో కుదిరిపోయానండి."

"మీరు తోకలు తిప్పితే చాలండి!"

"ఇక్కడ తిప్పట్లేదండి. నా చేత్తోనే తీసి పడేస్తున్నాను. వంకర చేతులని ఎవరూ అనలేదండి."

ఫోన్ పెట్టేసింది.

దొరబాబు మొహం ఎర్రబడింది.

"పోతే పోయింది! ఆ పన్నెండు మందినీ పిలిపించు. వాళ్లకి కళ్లు లేవా?"

శ్యాంబాబు కదల్లేదు.

"ఏంటయ్యా నిలబడ్డావు?"

"పిలిచినా లాభం లేదండి. వాళ్లూ తోక చూసే ఏరేవారు."

దొరబాబు బెల్టు వంక చూశాడు. వచ్చినవి ఒక కెమెరా, ఒక గాలి గొట్టం. పోయినవి రెండు కంటైనర్లు.

మొదట్లో చేతిలో ఉన్న పదమూడు జతల కళ్లని మళ్లీ లెక్కపెట్టుకుంటే, ఒక్క జతే తేలింది.